రెండు బకెట్ల వీధి

ముప్పయ్యేళ్లకు పైగా జనం పారేసిన వాటిని చూస్తూ బతికినవాణ్ణి నేను. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. సంబంధం మాట్లాడేటప్పుడు మా మామగారికి "ఇన్‌స్పెక్టర్" అన్నది ఒక్కటే వినబడిందట. దాని ముందున్న మాట పెళ్లయ్యాక వినబడింది.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరచిపోలేనిది ఏదైనా చెప్పండి" అన్నారు. ఏ కలరా గురించో, వరద గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను రెండు బకెట్ల గురించి మొదలుపెట్టాను. కాఫీలు అయిపోగానే వాళ్లకు ఏదో పని గుర్తొచ్చింది. అందుకని మిగతాది ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్లు నా ముందు కూర్చుని ఉండరు గనక లేచి వెళ్లినా నాకు తెలియదు.

ఊరి పేరు చెప్పను. చిత్తూరు నుంచి బస్సెక్కితే పెద్ద దూరం కాదు. ఎండాకాలం వచ్చిందంటే లారీలన్నీ మామిడికాయలతో పోయే ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అక్కడ పనిచేశాను.

అప్పట్లో ప్రతి వీధి మొదట్లో ఒక సిమెంటు వరలాంటి తొట్టి ఉండేది. అక్కడివాళ్లు దాన్ని కుప్పతొట్టి అంటారు. కుప్పతొట్టి తమ వీధిలో కచ్చితంగా ఉండాలనీ, తమ ఇంటి ముందర మాత్రం ఉండకూడదనీ ఊళ్లో ప్రతి ఒక్కరి కోరిక. నలుగురు మగవాళ్లు పట్టుకుంటే దొర్లే తొట్టి అది. ఒకరోజు కిరాణా కొట్టు ముందు ఉంటే మరునాటికి టైలరు ఇంటి ముందు తేలేది. టైలరు ఆఫీసుకొచ్చి, "సార్, మా ఇంటికి కుప్పతొట్టి వచ్చింది" అని చుట్టం వచ్చినట్లు చెప్పేవాడు. వాళ్లూ వీళ్లూ పోట్లాడుకుని అలిసిపోయాక ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్లు.

ఇలాంటి రోజుల్లో కొత్త కమిషనర్ వచ్చాడు. వయసులో చిన్నవాడు, మాటలో మంచివాడు. ఎక్కడో ట్రైనింగుకు వెళ్లొచ్చాడు. ఆఫీసరు ట్రైనింగు నుంచి వచ్చాడంటే కింది ఉద్యోగులం కాస్త జాగ్రత్త పడతాం. ఆయన వచ్చీ రాగానే ఒక వీధిని ఎంచుకున్నాడు. ఆ వీధిలో కుప్పతొట్టి తీసేయాలి. ఇంటికి రెండు బకెట్లు ఇవ్వాలి. ఆకుపచ్చ దాంట్లో తడి చెత్త, ఎర్ర దాంట్లో పొడి చెత్త. పొద్దున్నే తోపుడుబండి వచ్చి ఈల ఊదితే జనం బకెట్లు తెచ్చి ఇవ్వాలి. వీధి చివర ఆ చెత్తను రెండు అరలున్న ట్రాక్టరులోకి ఎక్కించాలి. తడిచెత్తను ఊరి బయట యార్డులో కొత్తగా కట్టిన షెడ్డులో ఎరువు చేస్తారు. పొడిచెత్తను పాత సామాన్లవాళ్లకు అమ్ముతారు. ఎంచుకున్న వీధి నా పరిధిలోదే. టైలరు ఇల్లున్న వీధే.

బకెట్లు పంచే రోజున ఆ వార్డు కౌన్సిలరు సభ పెట్టించాడు. ప్రతి బకెట్ మీదా చేతులు జోడించిన తన ఫొటో అంటించాడు. వద్దని నేను మెల్లగా చెప్పి చూశాను. "నా వార్డు, నా జనం. నీకేమప్పా నొప్పి?" అన్నాడు. పది రోజుల తర్వాత ఆయనే చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకొచ్చాడు.

"ఏం సారూ ఇది! వీధిలో పోతా ఉంటే ప్రతి వాకిట్లోనూ నా మొగం. మొగం మీద సాంబారు కారతా ఉండాది. ఒకామె ఇంటి ముందర నా నెత్తి మీద ఈగలు ముసురుకోని ఉండాయి. స్టిక్కర్లు పీకేయించు."

మనుషుల్ని పంపితే ఆ వీధి ఆడవాళ్లు పీకనివ్వలేదు. "ఓటేసినాం, ఫొటో ఉండనీ" అన్నారు.

అసలు ముందు ఆ బకెట్లలో చెత్త వేయించడమే పెద్ద పని అయింది. మంచి బకెట్లు మరి. కొత్తవి, మూతలున్నవి. ఒకరింట్లో అందులో బియ్యం పోశారు. ఇంకొకరు ఊరగాయకు ఉప్పునీళ్లలో మామిడికాయలు వేశారు. టైలరు గుడ్డముక్కలు దాచుకున్నాడు. "ఇంత బాగుండే బకెట్లో కసువు ఎవురన్నా ఏస్తారా సారూ?" అని నన్నే మందలించారు. కసువంటే అక్కడ చెత్త.

ఆ వీధికి పెద్ద దిక్కు ఒకామె ఉండేది. కార్వేటినగరం దగ్గర పల్లెలో సేద్యం చేసిన కుటుంబం. కొడుకు ఈ ఊళ్లో ఎరువుల కొట్టు పెట్టుకుంటే ఇంటిల్లిపాదీ వచ్చేశారు. వీధి మొత్తం ఆమెను పెద్దమ్మ అనేది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె మాత్రం నన్ను "కసువు సారు" అనేది. ఆమె నోట్లోంచి వచ్చిన పేరు వీధి వీధంతా పాకింది. బజార్లో ఎవరో "కసువు సారూ" అని పిలిస్తే మా ఆవిడ తల తిప్పుకుని వేగంగా నడిచేది.

పెద్దమ్మ ఒప్పుకుంటే వీధి ఒప్పుకున్నట్లే. అందుకని ఒకరోజు పొద్దున్నే వెళ్లి ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని అంతా వివరించాను. ఆమె కాయగూరలు తరుగుతూ విన్నది.

"అంటే మా ఊర్లో పెంటదిబ్బ ఏస్తాం గదప్పా, అదే. దానికి ఇంత కథ ఎందుకు చెప్తా ఉండావు?"

"అదే పెద్దమ్మా. కాకపోతే ఇక్కడ గాజు పెంకులు, ప్లాస్టిక్ కవర్లు కలిస్తే ఎరువు పాడైపోతుంది. అందుకే వేరు చేసి ఇవ్వమంటున్నాం."

ఆమె కత్తిపీట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"సరే. మేము ఇడదీసి ఇస్తాం. మీరు కలపకుండా ఉంటారా?"

"ఉంటాం పెద్దమ్మా. మాట."

నేను ఆ మాట నమ్మే ఇచ్చాను. షెడ్డు ప్రారంభానికి నేనూ వెళ్లాను. రిబ్బను కత్తిరిస్తుంటే చప్పట్లు కొట్టాను. యార్డు వ్యవహారం ఇంజినీరింగ్ వాళ్లది. వీధి నుంచి ట్రాక్టరు కదిలేదాకానే నా పని.

మరునాటి నుంచి వీధి మారిపోయింది. పెద్దమ్మ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని బయల్దేరి ఒక్కొక్క బకెట్ మూత ఎత్తి చూసేది. బండి తోసే అమ్మాయి కూడా గట్టిదే. ఎవరైనా కలిపి ఇస్తే తిట్టేది కాదు. ఆ ఇంటి ముందు నిలబడి, ఇరుగుపొరుగు అంతా బయటికి వచ్చేదాకా పొడుగ్గా ఈల ఊదేది. ఒకసారి ఊదించుకున్న ఇల్లు రెండోసారి తప్పు చేసేది కాదు.

అనుమానాలు మాత్రం నా దగ్గరికే వచ్చేవి. కొబ్బరిచిప్ప తడా, పొడా? దువ్వెనలో వెంట్రుకలు ఎందులో వేయాలి? విస్తరాకు తినకముందు పొడి, తిన్నాక తడి, సరే, మరి పాయసం నాకేసిన పిల్లవాడి విస్తరి సంగతేమిటి? వీధిలో ఒక ఇల్లు మహా నిష్ఠాపరులు. ఉల్లిపాయ కూడా ఇంట్లోకి రానివ్వమని చెప్పుకునేవాళ్లు. వాళ్ల ఆకుపచ్చ బకెట్లో ఒకరోజు కోడిగుడ్డు పెంకులు కనబడ్డాయి. పెద్దమ్మ మూత ఎత్తింది, చూసింది, మూత వేసింది. ఆ ఇంటి యజమాని గుటకలు మింగుతూ, "డాక్టరు చెప్పినాడు పెద్దమ్మా, బలానికి" అన్నాడు. "నేనేమన్నా అడిగినానా నాయనా? తడి దాంట్లోనే ఏసినావు, మంచి పని చేసినావు" అని ఆమె ముందుకు పోయింది.

నాలుగు నెలలకు ఆ వీధిలో నేల మీద కాగితం ముక్క కనబడేది కాదు. పక్క వీధివాళ్లు వచ్చి చూసి పోయేవాళ్లు. కమిషనర్ సంతోషపడి హైదరాబాదుకు రాశాడు. అక్కడి నుంచి ఒక పెద్ద అధికారిణి వచ్చి చూస్తారని కబురొచ్చింది.

సరిగ్గా అప్పుడే మామిడి సీజన్. ప్రతి ఇంట్లో తొక్కలు, టెంకలు. ఆకుపచ్చ బకెట్లు పొంగిపొర్లుతున్నాయి. ఇంత తడిచెత్త పోతోంది గదా, ఎరువు ఎంత తయారైందో చూసి తన పెరట్లో వంగనారుకు ఒక గంప తెచ్చుకుందామని పెద్దమ్మకు బుద్ధి పుట్టింది. ఎవరికీ చెప్పకుండా ఒక ఆటో ఎక్కి, సినిమాల్లో మాదిరి, "ఆ ట్రాక్టరు ఎనకాలే పోనీ" అన్నదట.

మధ్యాహ్నం ఆమె నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కసువు సారూ, నువ్వు ఎప్పుడన్నా ఆడికి పోయినావా?"

"ఎక్కడికి పెద్దమ్మా?"

"మేము రెండుగా ఇచ్చిందాన్ని మీవోళ్లు ఒకే గుంతలో ఏస్తా ఉండారు. నా కండ్లతో సూసినా. షెడ్డుకు తాళం ఏసి ఉండాది."

నేను సైకిలెక్కి వెళ్లి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ట్రాక్టరు తొట్టిలో ఆకుపచ్చ వైపు, ఎర్ర వైపు అని అడ్డంగా పలక కొట్టి తెచ్చిన చెత్తంతా డ్రైవరు ఒక్క మీటతో ఒకే గుంతలోకి పోసేస్తున్నాడు. షెడ్డు తాళం చెవి ఎవరి దగ్గర ఉందంటే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు.

కమిషనర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నుదురు రుద్దుకుని, "ఇన్‌స్పెక్షన్ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు ఏదైనా తేడా వచ్చిందంటే ముందు సస్పెండయ్యేది మీరే. నేను ఆపలేను" అన్నాడు. బెదిరించినట్లు అనలేదు. బాధగా అన్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

తిరిగి వస్తూ పెద్దమ్మ ఇంటి ముందు ఆగి, "మీరు చెప్పింది నిజమే. అడిగాను. తర్వాత చూస్తామన్నారు" అని చెప్పాను. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. "అట్లనా. సరేలే, నువ్వేం చేస్తావు" అని లోపలికి పోయింది. ఆమె కేకలు వేసి ఉంటేనే నాకు ఆ పూట అన్నం సయించి ఉండేది.

అధికారిణి వచ్చిన రోజు వీధి పెళ్లివారి ఇల్లులా ఉంది. రెండు పక్కలా బ్లీచింగ్ పౌడర్ గీతలు. కౌన్సిలరు ఖద్దరు గంజి పెళపెళలాడుతోంది. ఆమె జీపు దిగింది. నూలు చీర, తక్కువ మాటలు. తోపుడుబండి అమ్మాయి ఈల ఊదింది. కమిషనర్ పథకం గురించి ఇంగ్లీషులో చక్కగా చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటి ఇల్లు పెద్దమ్మది. ఆమె చేతికర్ర చంకన ఇరికించుకుని, రెండు చేతుల్లో రెండు బకెట్లతో వచ్చి అధికారిణి ముందు దించింది. మూతలు తీసింది. ఆకుపచ్చ దాంట్లో మామిడితొక్కలు, ఎర్ర దాంట్లో కాగితాలు, కవర్లు. ఎంత శుభ్రంగా వేరు చేశారో చూసి అధికారిణి మెచ్చుకోలుగా తల ఊపింది. అప్పుడు పెద్దమ్మ ఎర్ర బకెట్ ఎత్తి ఆకుపచ్చ దాంట్లో బోర్లించింది. చేతికర్ర లోపల పెట్టి, పప్పు ఎనిపినట్లు బాగా కలియబెట్టింది.

కమిషనర్ ఇంగ్లీషు వాక్యం సగంలో ఆగిపోయింది.

పక్కింటి ఆమె వచ్చింది. ఆమె కూడా అంతే. ఆ పక్క టైలరు భార్య. తర్వాత నిష్ఠాపరుల ఇల్లు. వీధి పొడుగునా ఎర్ర బకెట్లు బోర్లుతున్నాయి.

"ఏమిటమ్మా ఇది?" అంది అధికారిణి.

"మీవోళ్లు ఆడికి తీసుకపోయి కలపాల గదమ్మా. పాపం, వాళ్లకు కష్టం ఎందుకని మేమే ఈడ కలిపి ఇస్తా ఉండాం."

అధికారిణి కమిషనర్ వైపు చూసింది. కమిషనర్ నా వైపు చూశాడు. కౌన్సిలరు ఆకాశం వైపు చూశాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

"మీరు ఇక్కడి ఇన్‌స్పెక్టరా? ఈమె చెప్పేది నిజమేనా?"

ముందు పిల్లలు కళ్ల ముందు మెదిలారు. మా పెద్దమ్మాయి పదో తరగతి, చిన్నది ఎనిమిది. సస్పెండైతే మా మామగారి మొహం ఎలా ఉంటుందో కూడా కనబడింది. కానీ ఎదురుగా పెద్దమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నన్ను కోపంగా చూసి ఉంటే ఏదో ఒకటి నసిగి తప్పించుకునేవాణ్ణేమో. ఆమె, ఈయన ఏం చెప్తాడో విందామన్నట్లు ఊరికే చూస్తోంది.

"నిజమే మేడం. నేను కూడా పోయి చూశాను" అన్నాను.

"యార్డుకు వెళదాం పదండి."

కౌన్సిలరు అడ్డం వచ్చాడు. "మేడం, ఆడికి బండి పోదు. అంతా గుంతలు."

"నేను ఆటోలో పోయొచ్చినానప్పా. జీపు పోదా?" అంది పెద్దమ్మ.

అధికారిణి ఆమెను జీపులో తన పక్కన కూర్చోబెట్టుకుంది. మిగతా ఆడవాళ్లు ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కారు. "ఇది కసువు బండి అమ్మా, దిగండి" అని డ్రైవరు మొత్తుకున్నాడు. "ఆ కసువు మాదే గదబ్బా, పోనీ" అన్నారు. నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నాను. ఉద్యోగం పోయేవాడికి అంతకంటే మంచి సీటు దొరకదు.

యార్డులో వాసన గురించి చెప్పనక్కర్లేదు. కాకులు, కుక్కలు, కుళ్లిన మామిడి. అందరూ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అధికారిణి గుంత చూసింది. అందులో అన్నీ కలిసి ఉన్నాయి. తర్వాత ఆమె తల ఎత్తి, కొంగు తీసి, గాలి పీల్చింది. అంత దుర్వాసన మధ్య ఎక్కడి నుంచో కమ్మటి వాసన వస్తోంది. ఆ వాసన వెంట నడిచి షెడ్డు ముందు ఆగింది. తలుపు మీద "తడి చెత్త – ఎరువు తయారీ కేంద్రం" అని బోర్డు ఉంది.

"తాళం తీయండి."

తాళంచెవి కాపలావాడి దగ్గర ఉందన్నాడు కౌన్సిలరు. కౌన్సిలరు దగ్గర ఉందన్నాడు కాపలావాడు. అధికారిణి చేయి చాపి నిలబడింది. చివరికి కౌన్సిలరు బొడ్లోంచి తాళంచెవి తీశాడు.

లోపల నేలంతా వరిగడ్డి. గడ్డిలో వరసలు వరసలుగా మామిడికాయలు. బంగారుపాళ్యం పక్క ఆయన బావమరిది తోటలోవట. తోతాపురి అయితే గుజ్జు ఫ్యాక్టరీకి పోయేవి. ఇవి బేనీషాలు, పండుగా తినే రకం. మాగబెట్టి బజారుకు పంపడానికి గాలి తగలని, ఎవరూ తొంగిచూడని చోటు కావాల్సి వచ్చింది. చెత్త షెడ్డు కంటే ఎవరూ తొంగిచూడని చోటు ఊళ్లో ఏముంటుంది?

అధికారిణి ఒక కాయ చేతిలోకి తీసుకుని కౌన్సిలరును అడిగింది. "ఇది తడి చెత్తా, పొడి చెత్తా?"

కౌన్సిలరు మొహం తుడుచుకున్నాడు. పాపం, ఆయనకు అబద్ధం దొరకలేదు. "ఇప్పుడైతే పొడే మేడం. ఇంకో రెండు దినాలుంటే తడి అవుతాది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చో రాదో తెలియక అందరూ బిగబట్టుకుని ఉన్నారు. అప్పుడు వెనక నుంచి తోపుడుబండి అమ్మాయి ఈల నోట్లో పెట్టుకుని, పొడుగ్గా, ఊపిరి ఉన్నంతసేపు ఊదింది. ఇంక ఆగలేదు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కమిషనర్ దగ్గుతున్నట్లు అటు తిరిగాడు. అధికారిణి కూడా కొంగు మళ్లీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఈసారి అది వాసనకు కాదని నాకు తెలిసింది.

"సాయంత్రానికి ఈ షెడ్డు ఖాళీ కావాలి. రేపటి నుంచి తడిచెత్త ఇక్కడికే రావాలి" అని చెప్పి ఆమె జీపెక్కింది.

మా మున్సిపాలిటీలో అంత వేగంగా జరిగిన పని ఇంకొకటి నేను చూడలేదు. కౌన్సిలరు కూలీల కోసం పరుగెత్తుతుంటే పెద్దమ్మ ఆపింది. "ఇన్నాళ్లూ మా షెడ్డులో పెట్టుకున్నావు. మా వీధికి ఇంటికి ఇన్ని కాయలు ఇచ్చి మిగిలినవి తీసకపో." ఆయన మారుమాట్లాడకుండా ఇచ్చాడు. ఆడవాళ్లు ఒళ్లో మామిడికాయలతో చెత్త ట్రాక్టరులో ఊరేగింపుగా ఇంటికి వచ్చారు. మరునాడు ఆ వీధిలో ఆకుపచ్చ బకెట్లకు మూతలు పడలేదు.

నేను సస్పెండ్ కాలేదు. కమిషనర్ మంచి రాతగాడు. ఆనాటి సంఘటనను "ప్రజలతో కలిసి యార్డు సందర్శన" అని రిపోర్టులో రాశాడు. దానికి ఆయనకు మంచి పేరు వచ్చింది. నాకు ఏ పేరూ రాలేదు. మా శాఖలో ఏ పేరూ రాకపోవడమే పెద్ద బహుమానం.

అంతటితో అంతా చక్కబడిందని చెబితే మీరు నమ్మకండి. పొడిచెత్త కొనేవాడు ఒక నెల వస్తే ఒక నెల వచ్చేవాడు కాదు. పక్క వీధులు చాలాకాలం దారికి రాలేదు. కొన్ని అసలే రాలేదు. కానీ ఆ వీధి ఒక పద్ధతి పెట్టుకుంది. వారానికి ఒక ఇంటి నుంచి ఒకరు ట్రాక్టరు వెంట యార్డుకు వెళ్లి చూసి వచ్చేవాళ్లు. డ్రైవరు నా దగ్గరికొచ్చి, "సారూ, అత్తగారి ఊరికి పోయినట్టుండాది. ఎట్ల తిప్పాలో, యాడ కుమ్మరించాలో అన్నీ వాళ్లే చెప్తా ఉండారు" అని ఏడ్చేవాడు.

కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. చెత్త ఎందులో వేయాలో జనానికి చెప్పడం కష్టం కాదు, తిట్టుకుంటూనైనా వాళ్లు నేర్చుకుంటారు. అవతలివాడు తన వంతు చేయడన్న అనుమానం వాళ్లకు మన మీద ఉంటుంది, మనకు వాళ్ల మీద ఉంటుంది. ఆ అనుమానం తీరాలంటే తలుపులు తీసి చూపించాలి. లోపల ఏముందో మనమే ముందు చూసుకుంటే ఇంకా మంచిది.

మరుసటి ఏడాది నాకు వేరే ఊరికి బదిలీ అయింది. బస్టాండుకు పెద్దమ్మ, టైలరు, ఇంకా కొందరు వచ్చారు. దండలు, శాలువాలు లేవు. పెద్దమ్మ ఒక గోనెమూట నా కాళ్ల దగ్గర పెట్టించింది. "మా వీధి ఎరువు. కొత్త ఇంట్లో ఏమన్నా ఏసుకో కసువు సారూ" అంది. నేను వంగి మూట మూతి ఇంకోసారి బిగించాను. ఆమె, "పో పో, బస్సు పోతాది" అని కసిరింది.

బస్సు కదిలాక కండక్టరు వచ్చి మూటను కాలితో తట్టాడు. "దీంట్లో ఏముండాది సార్?"

"చెత్త" అన్నాను. అలవాటైన నోరు.

"యాడికి పోతా ఉండారు?"

"ట్రాన్స్‌ఫర్ మీద పోతున్నానప్పా. మున్సిపాలిటీలో పనిచేస్తాను."

ఆయన మూటను చూశాడు, నన్ను చూశాడు. "మీ డిపార్టుమెంటులో కసువును కూడా ట్రాన్స్‌ఫర్ చేస్తారా సార్?"

బస్సంతా ఘొల్లుమంది. నేను మూట మూతి విప్పి ఒక గుప్పెడు తీసి చూపించాను. నల్లగా, పొడిపొడిగా, కాఫీపొడిలా ఉంది. కండక్టరు దాన్ని నలిపి చూసి, వాసన చూశాడు. గొంతు మారిపోయింది. "ఇది మంచి ఎరువు గద సార్. మా ఇంటికాడ మల్లెచెట్టు పూయడంల్యా. రోంత ఇస్తారా?" పాత పేపరులో పొట్లం కట్టి ఇచ్చాను. వెనక సీటు ఆవిడ తన కరివేపాకు చెట్టు సంగతి చెప్పింది. ముందు సీటు ముసలాయన తువ్వాలు పరిచాడు.

కొత్త ఊళ్లో దిగేసరికి మూట సగమైంది. జనం చెత్త కోసం నా ముందు చేతులు చాపడం నా సర్వీసు మొత్తంలో ఆ ఒక్కసారే చూశాను.